అమ్మ కడుపులో మెలిక

కోవిల్‌పట్టి,
ఆదివారం, 3వ తేదీ.

చిరంజీవి తమ్ముడు సతీష్‌కుమార్‌ను అక్క బృంద దీవించి రాయునది.

నీ ఉత్తరం గురువారం చేరింది. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. అమ్మ కూడా క్షేమమే అని ఒక ముక్క రాసేస్తే ఈ పేరా మర్యాదగా ముగిసిపోతుంది. కానీ అబద్ధం రాయడానికి ఇవాళ నాకు ఓపిక లేదు. అక్కడ నువ్వూ మరదలు మునీశ్వరీ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. తాడిపత్రిలో నీళ్ళు బాగా లేవని రాశావు, కాచి చల్లార్చి తాగండి.

ఫోను చేతిలో ఉండగా ఈ కాగితం గోల ఏమిటని మీ బావ నవ్వుతున్నాడు. మన ఇల్లు నీకు తెలియనిదా? ఉన్నవి రెండు గదులు. నేను ఏ మూల నిలబడి గుసగుసలాడినా అమ్మ చెవి అక్కడికి వచ్చేస్తుంది. పైగా నేను ఒక మాట అంటే నువ్వు నాలుగు అరుస్తావు, నేను ఫోను పెట్టేస్తాను. ఇప్పటికి మూడుసార్లు అదే జరిగింది. నాయన చాక్‌పీసు పట్టించి నేర్పిన ఈ తెలుగు అక్షరాలు ఈ ఇంట్లో నాకు తప్ప ఇంకెవరికీ రావు. అమ్మకు చదువే లేదు. మీ బావకు అరవం తప్ప చదవడం తెలియదు. అందుకే అమ్మ ఎదురుగా కూర్చునే, ఆమె గురించే, భయం లేకుండా రాస్తున్నాను. బడి లెక్కలేవో రాసుకుంటున్నానని ఆమె అనుకుంటోంది.

ముందు నీ మీద కోపం తీర్చుకోనీ. "చదువుకున్నదానివి, పన్నెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదానివి, ఆ నూనె రుద్దుడు మాన్పించలేకపోయావా" అని రాశావు. అక్కడ కూర్చుని రాయడం సులువే నాయనా. నువ్వు మూడో తరగతిలో పచ్చి జామకాయలు తిని నేల మీద పొర్లినప్పుడు నీ కడుపు మీద చెయ్యి వేసింది ఎవరు? ఆ సాయంత్రానికి లేచి గోలీలాడింది ఎవరు? చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళకు మన అమ్మ 'పేగు తట్టే రంగమ్మాళ్'. ఆదివారం వచ్చిందంటే శివకాశి వైపు నుంచి మీ బావ పనిచేసే ఫ్యాక్టరీ వ్యానులోనే ఆడవాళ్ళు పదిమంది దిగుతారు. ఆమె వాళ్ళను అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు దగ్గర నాడి చూసి, ఆముదం రాసి, రెండు పక్కల నుంచి తోసి తోసి, ఎక్కిన పేగు దిగిందని చెప్పి నడుముకు గుడ్డ బిగించి పంపిస్తుంది. ఒక్కరి దగ్గర కూడా ఏమీ పుచ్చుకోదు. అత్తగారి దగ్గర నేర్చుకుని నలభై ఏళ్ళుగా చేస్తున్న పని అది. దాన్ని మానుకోమని నువ్వొచ్చి చెప్పు, నేను గుమ్మంలో నిలబడి చూస్తాను.

ఇక నీ ప్రశ్నలు. ఇది ఏ రకం మెలిక అని అడిగావు. నెట్‌లో వెతికి మూడు ఇంగ్లీషు పేర్లు రాసి పంపావు. ఈ జబ్బు కుక్కలకు కూడా వస్తుందని కింద గీత గీసి మరీ రాశావు. ఆ వాక్యం అమ్మకు చెప్పలేదులే. విరుదునగరం పెద్దాసుపత్రిలో కార్తిక అని ఒక డాక్టరమ్మ ఉంది. మనిషి చిన్నదే గానీ ఓపిక పెద్దది. కాగితం మీద బొమ్మ వేసి నాకు చెప్పింది. జీర్ణాశయం అంటే ఒక సంచి. దాన్ని చుట్టూ కొన్ని బంధాలు పట్టి ఉంచుతాయి. వయసు మీద పడి ఆ బంధాలు సాగినా, ఛాతీకీ కడుపుకీ మధ్య అడ్డుగా ఉండే పొరకు చిల్లు పడినా సంచికి పట్టు తప్పి తిరుగుతుంది. పొడుగునా, తడిచీర పిండినట్టు, కింది వంపు పైకి వచ్చేలా తిరిగితే ఒక రకం. పెద్దవాళ్ళలో ఎక్కువగా వచ్చేది ఇదే. అడ్డంగా మడతపడి కింది మూతి వచ్చి పై మూతి పక్కన చేరితే రెండో రకం. ఈ రెండూ కలిసి వచ్చేది మూడోది, అది అరుదట. కొందరికి ఏళ్ళ తరబడి కొంచెం తిరగడం, మళ్ళీ సర్దుకోవడం జరుగుతూ ఉంటుంది. కొందరికి ఒక్కసారిగా వస్తుంది. ఏ రకమైనా సగం చుట్టు దాటిందంటే రెండు మూతులూ బిగుసుకుంటాయి. తిన్నది కిందికి దిగదు, పైకి రాదు. వాంతి వచ్చినట్టే ఉంటుంది, లోపలి నుంచి ఏమీ పడదు. ఆసుపత్రివాళ్ళు ముక్కులోంచి గొట్టం వేద్దామన్నా అది దిగదు. రక్తం పారడం ఆగితే సంచి నల్లబడి కుళ్ళిపోతుంది. ఇక అప్పుడు మనిషి దక్కడం కష్టమని చెప్పింది.

అమ్మది మొదటి రకం. అన్నం దిగే గొట్టం పక్కన పొరలో చిల్లు పెద్దదై, సంచిలో సగం ఛాతీలోకి ఎక్కి కూర్చుంది. తిన్నాక ఛాతీ పట్టేస్తోందనీ, రెండు ముద్దలకే నిండిపోతోందనీ, పడుకుంటే ఆయాసం వస్తోందనీ ఇన్నేళ్ళుగా ఆమె చెప్పినవన్నీ దీని పనే. మనం గ్యాస్ అన్నాం. నువ్వు కూడా అన్నావు, డబ్బాడు బిళ్ళలు పంపావు. కాబట్టి ఇందులో నన్నొక్కదాన్నే దోషిని చెయ్యకు.

మదురైకి ఎందుకు తీసుకుపోలేదని రెండో ప్రశ్న. పోయిన నెల ఏడో తారీఖు మధ్యాహ్నం అన్నం తిన్న పావుగంటకు మొదలైంది. ఆ రోజు బడికి సెలవు, నేను ఇంట్లోనే ఉన్నాను. ఇంట్లోనే ఒక గంట పోయింది. అది ఎలా పోయిందో తరువాత రాస్తాను. మీ బావ ఫ్యాక్టరీ వ్యాను తీసుకుని వచ్చేసరికి అమ్మ చెమటతో తడిసిపోయి, వంగి కూర్చుని ఒకటే ఓకరింతలు. కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఆసుపత్రిలో గొట్టం వెయ్యబోతే దిగలేదు. వాళ్ళు వెంటనే విరుదునగరం పొమ్మన్నారు. పోయాం. దగ్గరున్న చోటికి పోకుండా ఇంకో గంట ప్రయాణం చేసి మదురై చేరాలా? విరుదునగరంలో రెండో ప్రయత్నంలో గొట్టం దిగింది. గాలీ, పులిసిన అన్నమూ బయటికి వచ్చేశాక ఉబ్బిన పొట్ట కళ్ళముందే తగ్గింది. మెలిక కొంత విడిందనీ, రక్తం ఆగలేదనీ స్కానులో తేలింది. ఆ సంగతి విన్నాక మీ బావ బస్టాండు ఎదురుగా కూర్చుని నూనె పరోటాలు నాలుగు తిని వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, పొద్దుటి నుంచి అతనూ పస్తే అని తరువాత గుర్తొచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు విను. విడిన మెలిక మళ్ళీ పడుతుంది. ఎప్పుడని ఎవరూ చెప్పలేరు. రేపే కావచ్చు. అందుకని ఆపరేషన్ చేసి సంచిని కిందికి దించి, చిల్లు మూసి, సంచి మళ్ళీ తిరగకుండా కడుపు గోడకు కుట్టెయ్యాలి. అమ్మకు రక్తం తక్కువగా ఉందని మందులిచ్చి ఈ నెల పంతొమ్మిదో తారీఖు ఇచ్చారు. అమ్మ చెయ్యించుకోనంటోంది. డాక్టరమ్మ చేతులు పట్టుకుని చెప్పింది, నేను కాళ్ళు పట్టుకుని చెప్పాను, మీ బావ అలిగి రెండు రోజులు అన్నం మానేశాడు. ఆమె ఎవరినీ లెక్క చెయ్యలేదు. "నా కూతురు చెయ్యి పెట్టె, దిగిపాయె. ఇంక కత్తి ఎందుకు?" ఇదే పాట. రెండు ముద్దలు చాలు, ఆరుసార్లు తినమని డాక్టరమ్మ చెబితే, వేరుశనగ కడలమిఠాయి డబ్బా దిండు కింద దాచుకుని చప్పరిస్తోంది. అడిగితే పిల్లలకని అంటోంది. ఈ ఇంట్లో పిల్లలెవరున్నారు?

ఇంకో అవమానం కూడా రాస్తాను. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర నుంచి కనబడినవాళ్ళందరికీ బృందకు చెయ్యి వచ్చిందని చెప్పుకుంటోంది. పోయిన ఆదివారం తిరుత్తంగల్ నుంచి ఇసక్కిసెల్వి అనే పిల్ల వచ్చి తిన్నగా నా ముందే పడుకుంది.

"అక్కా, అవ్వ చెప్పె, ఇంక నువ్వే తట్టేదంట. రవంత చూడక్కా, పొద్దున నుంచి ఒకటే నొప్పి."

నేను తట్టనన్నాను. డాక్టరుకు చూపించుకోమని చెప్పి లేపి పంపాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని వ్యాను ఎక్కింది. అమ్మ గుమ్మంలో నిలబడి, "వచ్చినోళ్ళని ఎనక్కి పంపేది మన ఇంట్లో లేదు మే. నీకేమి పొగరు?" అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. తమ్ముడూ, నాకు విసుగెత్తిపోయింది. బడిలో నలభైమంది పిల్లలు, ఇంట్లో ఈమె ఒక్కతీ సమానం. అన్నం తింటున్నప్పుడల్లా ఆమె ముఖమే చూస్తూ ఉంటాను, చెమట పడుతోందా, చెయ్యి పొట్ట మీదికి పోతోందా అని. ఆమె తేన్చితే నాకు గుండె ఆగుతోంది. పదహారు రోజులు ఇలా గడపాలి. ఆ తరువాత కూడా ఆమె రాకపోతే ఎన్నాళ్ళు గడపాలో తెలియదు.

ఇప్పుడు ఆ గంట సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఇంతసేపూ దీన్నే దాటేస్తూ వచ్చాను.

ఆ మధ్యాహ్నం నేను ఆటో కోసం ఫోను తీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆస్పత్రి వద్దు మే. ఇది పేగు ఎక్కుండేది. నా కడుపు నేను తట్టుకోలేను. నువ్వు కూర్చో, నేను చెప్పేకొద్దీ తట్టు."

నేను కూర్చున్నాను. ఆముదం రాశాను. ఆమె పళ్ళు బిగబట్టి, ఇక్కడ పట్టు, అక్కడ తొయ్యి, ఇంకా గట్టిగా అని చెబుతూ పోయింది. నేను ఒక గంటసేపు తట్టాను. చదువుకున్నదాన్నే. ఆ చేతుల్తోనే. కడుపు రాయిలా ఉంది, నా వేళ్ళకు ఏమీ తెలియలేదు. చాలమ్మా అంటే ఇంకొంచెం అంది. ఆమెను ఎదిరించి లేచే ధైర్యం నాకు రాలేదు. ఆసుపత్రిలో పొట్ట మీద నూనె చూసి డాక్టరమ్మ ఎవరైనా నొక్కారా అని అడిగింది. లేదన్నాను. అలాంటి కడుపును నొక్కితే లోపల చిరిగిపోయే ప్రమాదం ఉందని ఆమె తరువాత చెప్పింది. నేను తల ఊపుతూ విన్నాను.

అంతటితో అయినా ఆగలేదు. మర్నాడు పొద్దున అమ్మకు మెలకువ వచ్చింది. ముక్కులో గొట్టం, గొంతులో మాట సరిగా రాదు. నన్ను దగ్గరికి రమ్మని, "నీ చెయ్యే గదా మే దించింది?" అని అడిగింది. ఆ ముఖం నువ్వు చూడలేదు. ఒక్క రాత్రిలో పదేళ్ళు పైబడిన మనిషిలా ఉంది. కాదమ్మా, గొట్టం దించింది అని ఎలా చెప్పను? ఔనమ్మా, నా చెయ్యే అన్నాను. ఆమె నవ్వి కళ్ళు మూసుకుంది. ఆ ఒక్క మాట పట్టుకునే ఇప్పుడు ఆపరేషన్ వద్దంటోంది. డాక్టరమ్మతో, నీతో, ఊరందరితో కొట్లాడుతున్నది నేను చెప్పిన అబద్ధంతోనే. మెలిక మళ్ళీ పడి ఆమెకు ఏమైనా అయితే చంపింది నేనే. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా.

నువ్వు చెబితే ఆమె వింటుంది. నువ్వు రా. నేను అబద్ధం చెప్పానని నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.

బుధవారం, 6వ తేదీ.

ఈ ఉత్తరం సోమవారమే పోస్టు చెయ్యాల్సింది. కవరు అంటించి సంచిలో పెట్టుకుని పోస్టాఫీసు దాకా పోయి వెనక్కి వచ్చాను. నా అబద్ధాన్ని నువ్వు తాడిపత్రి నుంచి రైలెక్కి వచ్చి చెప్పాలా? నా మీద నాకే రోత పుట్టింది. సోమవారం సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. నా చెయ్యి దించలేదనీ, గొట్టమే దించిందనీ, ఆమె సంతోషపడుతుందని అబద్ధమాడాననీ.

ఆమె గింజలు తియ్యడం ఆపలేదు.

"నాకు తెలీదా మే?" అంది. "నలబై ఏండ్లు ఇదే పని. దిగితే కడుపు చెప్తుంది. నీ చెయ్యి కింద అది దిగనే లే. ఆ గొట్టం పోయినాకనే దిగె."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసి తెలిసి నెల రోజులుగా మమ్మల్ని ఎందుకు చంపుతున్నావని అరిచాను. వీధిలో పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు. అప్పుడు ఆమె గింజలు తియ్యడం ఆపింది.

"గొట్టమే దించె అని ఒప్పుకుంటే, పొన్నుసామిని నేనెందుకు ఇంటికి పొమ్మంటి?"

పొన్నుసామి నీకు గుర్తుండాలి. రోడ్డుకు అవతల కూలివాళ్ళ వీధిలో అళగమ్మాళ్ మొగుడు. మన మిరప చేలో పనికి వచ్చేవాడు, తెలుగువాళ్ళే. తొమ్మిదేళ్ళ కిందట కడుపునొప్పని వచ్చాడు. అమ్మ అందరితో పాటే అరుగు మీద పడుకోబెట్టి తట్టి, దిగిందని చెప్పి, గంజి తాగి పడుకోమని పంపింది. మూడో రోజు ఆసుపత్రికి తీసుకుపోతుంటే దోవలోనే పోయాడు. అతనికి వచ్చింది ఏ జబ్బో ఎవరికీ తెలియదు, ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు. అప్పుడు ఎవరూ అమ్మను ఒక్క మాట అనలేదు. మనం కూడా అనుకోలేదు. ఆమె మాత్రం ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉందని సోమవారం సాయంత్రం దాకా నాకు తెలియదు. నా కోపమంతా ఎక్కడికో పోయింది. ఆ చింతపండు గింజలు నేనూ తియ్యడం మొదలుపెట్టాను.

నిన్న పొద్దున స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, "అళగమ్మాళ్ ఇంటికి పోవాల, నువ్వు రా" అంది. తమ్ముడూ, ఆ వీధిలోకి అమ్మ ఈ డెబ్బై ఏళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. మన కులంవాళ్ళు ఎవరూ పోరు. ఆ వీధిలోవాళ్ళు వస్తే కడుపు మీద చెయ్యి వేసేది, అదీ అరుగు మీదే. పొన్నుసామి చనిపోయినప్పుడు కూడా రోడ్డు ఇవతలే నిలబడి ఏడ్చి వచ్చేసింది. నిన్న నా భుజం పట్టుకుని రోడ్డు దాటింది. ఇళ్ళ ముందున్న ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు.

అళగమ్మాళ్ వాకిట్లో మినుములు చెరుగుతోంది. అమ్మను చూసి చేట కింద పెట్టి, ఎక్కడ కూర్చోమనాలో తెలియక తడబడింది. అమ్మ మెట్టు మీద కూర్చుంది.

"అళగమ్మాళ్, నాకు కడుపు తిరుక్కొనుండాదంట," అంది. "చేత్తో తట్టితే దిగేది కాదంట. నీ మొగుడికి ఆపొద్దు నాకున్నట్లే ఉండె. ఓకరింత వస్తా ఉండె, ఏమీ పడలే. నేను దిగింది, పో అంటి. దిగలే. నా చేతికి ఆపొద్దే తెలిసె, దిగలేదని. అరుగు మీద పదిమంది కూర్చోనుండిరి. దిగలేదని చెప్పేకి నోరు రాలే."

అళగమ్మాళ్ అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు తెలుసమ్మా," అంది. "దిగలేదని దోవలోనే ఆయన చెప్పె. వెనక్కి పోయి చెప్పుదాము, లేకుంటే ఆస్పత్రికి పోదాము రా అంటి. వద్దనె. అంతమంది ముందర అమ్మ దిగిందని చెప్పె, మనం దిగలేదని ఆస్పత్రికి పోతే ఆమెకు మరియాదగా ఉండదు అనె. మూడు దినాలు పండ్లు కొరుక్కొని పండుకొనె."

అమ్మ మెట్టు మీదే ముందుకు వంగిపోయింది. నేను పట్టుకున్నాను. అమ్మ చెయ్యి దిగలేదని చెప్పింది, అమ్మ దిగిందంది. అతని కడుపు దిగలేదని చెప్పింది, అతను ఆమె మర్యాద చూశాడు. నేను దిగిందన్నాను, అమ్మ తెలిసీ నవ్వి ఊరుకుంది. ఎవరూ ఎవరికీ చెడు చెయ్యాలని అనలేదు తమ్ముడూ, ఒక మనిషి పోయాడు.

అమ్మ లేవబోతూ అళగమ్మాళ్ చెయ్యి కోసం చెయ్యి చాపింది. అళగమ్మాళ్ పట్టుకోలేదు. చేట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు ఆపరేషన్ చేసుకోండమ్మా," అంది. "చేసుకొని, బాగై, మళ్ళీ ఇక్కడికి రండి. నేను అడగాల్సినవి చాలా ఉండాయి. మీరు పోతే నేను ఎవురిని అడిగేది?"

ఇంటికి వచ్చాక అమ్మ మంచినీళ్ళు తాగి, విరుదునగరానికి పొద్దున మొదటి బస్సు ఎన్ని గంటలకని అడిగింది. ఇవాళ నేను డాక్టరమ్మకు ఫోను చేసి, ఆ రోజు గంటసేపు కడుపు నొక్కింది నేనేనని చెప్పాను. ఆమె గట్టిగానే చీవాట్లు పెట్టింది. పడ్డాను. ఆదివారం రావద్దని వ్యానువాళ్ళకు మీ బావ చేత చెప్పించింది కూడా అమ్మే.

పద్దెనిమిదో తారీఖు సాయంత్రం చేర్చుకుంటారు, మర్నాడు పొద్దున ఆపరేషన్. అప్పటిదాకా మెలిక పడకూడదని మనం కోరుకోవడమే. నువ్వు పదిహేడుకల్లా బయలుదేరు. అరవాలనుంటే నా మీద అరుచుకో, ఆమె మీద వద్దు. ఆమె నీతో ఒకటే చెప్పమంది. తాను లేచాక అళగమ్మాళ్ ఇంటికి మళ్ళీ పోవాలట, అప్పుడు తన పక్కన నేను కాదు, ఇంటి తరఫున కొడుకు నిలబడాలట.

ఇట్లు,
ఆసుపత్రి గుమ్మంలో నీకోసం చూసే నీ అక్క,
బృంద